చలికాలంలో మేలుకున్న పరుపుల బాబాయి

ఈ ఊళ్ళో ప్రతి ప్రాణీ రాత్రయితే ఒక ఎలుగుబంటి పడుకుని లేచిన చోటే పడుకుంటుంది. ప్రతి ప్రాణీ అనడం కాస్త సాగదీసినట్టే. చాప మీద పడుకునేవాళ్ళున్నారు, కుర్చీలో కునుకు తీసే వాచ్‌మన్లున్నారు, ట్రాం ఇన్‌స్పెక్టరు కొంగగారైతే ఒంటికాలి మీద నిలబడే పని కానిచ్చేస్తారు. వాళ్ళని తీసేద్దాం. పరుపు మీద పడుకునేవాళ్ళలో సగం మంది అనుకోండి. సరే, మూడో వంతు. ఇక అంతకంటే తగ్గేది లేదు. ఎవరేమన్నా ఆ మూడో వంతు మాత్రం నిలువెత్తు నిజం.

ఆ ఎలుగుబంటిని అందరూ పరుపుల బాబాయి అంటారు. ఆయన పూర్వీకులు కథల్లో ఉండేవారు. అడవులు, గుహలు, తేనెపట్టు, దారితప్పి వచ్చే పిల్లలు, అంతా దర్జాగా సాగింది. తరవాత కథలకి గిరాకీ పడిపోయింది. అందులోని జంతువులన్నీ మూటాముల్లె సర్దుకుని ఊళ్ళోకొచ్చి ఉద్యోగాలు వెతుక్కున్నాయి. నక్కలు వకీళ్ళ దగ్గర గుమాస్తాలుగా కుదిరాయి. తాబేళ్ళని పోస్టాఫీసు వాళ్ళు పిలిచి మరీ తీసుకున్నారు, పని వేగం తమకి సరిగ్గా సరిపోయిందని. గాడిదల్లో ఒకాయన మోత పని నామోషీ అనుకుని సంగీతం మాస్టారయ్యాడు. బాబాయి తాత మాత్రం పరుపుల కొట్లో చేరి దూది ఏకడం నేర్చుకున్నాడు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బాబాయికి ఆ పని వచ్చింది.

కొట్టు ట్రాం లైను పక్కనే, ఇరుకు మెట్ల కింద. ముందుగదిలో చుట్టలు చుట్టిన పరుపులు, వెనకగదిలో దూది గుట్టలు, వాటి పక్కనే బాబాయి కాపురం, గాల్లో ఎప్పుడూ తేలుతూ ఉండే నూగు. కొట్టు యజమాని ఒక పెద్దావిడ. మనిషే. బాబాయి ఆవిడని అక్కా అంటాడు, ఆవిడ తమ్ముడూ అంటుంది, ఇద్దరూ రోజుకోసారి పోట్లాడుకుంటారు. ఆ కొట్లో ఒక కట్టుబాటు ఉంది. పరుపు కుట్టడం పూర్తయ్యాక బాబాయి దాని మీద పడుకోవాలి. గురక వినిపిస్తే పరుపు పాసు. పది మాటలు మాట్లాడేలోగా గురక రాకపోతే ఫెయిలు, మళ్ళీ విప్పి దూది ఏకాల్సిందే. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళు గుడ్డ రంగు చూడరు, కుట్టు చూడరు.

"గురక పెట్టిందేనా?" అని అడుగుతారు.

"గోడ అదిరింది, అడగండి కావాలంటే పక్కింటివాళ్ళని," అంటుంది అక్క.

పనిలో బాబాయిని వేలెత్తి చూపేవాడు లేడు. చిక్కంతా చలికాలంతోనే. చల్లగాలి తగిలిందంటే చాలు, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేవాడు. ఒక ఏడు, "పక్కింటి మేకగారికి చెప్పు, మన దూది..." అని ఆగాడు. ఎండలొచ్చాక కళ్ళు తెరిచి, "...పీచుమిఠాయి కాదని," అన్నాడు. ఈలోగా మేకగారు తినాల్సిందంతా తినేసి, అజీర్తి చేసి, కోలుకుని కూడా ఉన్నారు.

అలాంటి ఒక చలికాలంలోనే ఆయనకి కూతురు పుట్టింది. బాబాయి కళ్ళు తెరిచేసరికి పక్కలో ఇంకో చిన్న బొంత ఉంది. అది కదిలింది.

"ఏమే, బొంతలో ఎలుక దూరినట్టుంది," అన్నాడు.

"ఎలుక కాదండీ, మీ కూతురు," అంది భార్య. "పుట్టి చాన్నాళ్ళయింది."

"నన్ను లేపొచ్చుగా?"

"లేపకేం! బిందెడు నీళ్ళు కుమ్మరించాను. 'వానొస్తోంది, దూది లోపల పెట్టు' అని అటు తిరిగి పడుకున్నారు."

ఆ పిల్ల ఏం చేసినా చలికాలంలోనే చేసింది. మొదటి పన్ను చలికాలంలో వచ్చింది. మొదటి అడుగు చలికాలంలో వేసింది. మొట్టమొదట "నాన్న" అన్నది కూడా ఊగుతున్న ఆయన పొట్ట మీద కూర్చునే. బళ్ళో నాటకంలో చెట్టు వేషం వేసినప్పుడు, ముందు వరసలో అమ్మ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ప్రతి ఏడూ ఎండలు రాగానే బాబాయి భార్యని కూర్చోబెట్టి అడిగేవాడు, ఇంకేం చేసింది, ఇంకేమంది అని. ఆవిడ చెప్పేది. ఆయన చెవులు రిక్కించి వినేవాడు, తల ఊపేవాడు, నవ్వేవాడు. కానీ కూతురి బతుకులో సగం ఆయనకి చెప్పుడు మాటే.

కూతురిది మాత్రం తండ్రి పోలిక కాదు. ట్రాం గంటల మధ్య పుట్టి పెరగడం వల్లో ఏమో, చలికాలమంటే దానికి ఇంకా హుషారు. తెల్లారకముందే లేచి వీధిలో అందరి తలుపులూ కొట్టేది. అందుకే వీధివాళ్ళు దానికి అలారం అని పేరు పెట్టారు. పెద్దయ్యాక ట్రాం కంపెనీలో టికెట్లు చింపే పనిలో చేరింది. తరవాత డ్రైవరు పని నేర్చుకుంటానని పట్టుబట్టి నేర్చుకుంది. ఆఖరి పరీక్ష చలి ముదిరే రోజుల్లో ఉంటుందన్నారు. ఇన్‌స్పెక్టరు కొంగగారిని పక్కన పెట్టుకుని, నిజమైన ప్రయాణికులని ఎక్కించుకుని, ఊరంతా చుట్టి డిపోకి తిరిగి రావాలి. తప్పు లేకుండా నడిపితే డ్రైవరు. లేకపోతే మళ్ళీ టికెట్లే.

చలి ఇంకా మొదలవకముందే ఒక సాయంత్రం అలారం కొట్టుకి వచ్చి తండ్రి ఎదురుగా ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

"నాన్నా, ఒకటి అడుగుతాను. కాదనకూడదు."

"నేను నీకు కాదన్నదెప్పుడు తల్లీ?"

"కాదనవు. నిద్రపోతావు. రెండూ ఒకటే."

బాబాయి చేతిలో దబ్బనం ఆగింది.

"నా పరీక్ష రోజున నువ్వు ట్రాంలో ఉండాలి," అంది. "మెలకువగా. నేను ఒక్క పని చెయ్యడమైనా నువ్వు కళ్ళతో చూడాలి."

"ఉంటాను. మాటిస్తున్నాను."

వెనకగదిలోంచి భార్య గొంతు వినిపించింది. "ఆ మాటేదో ఇప్పుడే పూర్తిగా ఇచ్చేయండి, మళ్ళీ సగంలో పడుకుంటారు!"

వెళ్తూ వెళ్తూ అలారం నడుం పట్టుకుని మూలిగింది. డ్రైవరు సీటు ఉత్త ఇనప రేకట. దాని మీద కూర్చుంటే ఎముకలు లెక్కపెట్టుకోవచ్చట. ఆ మాట విన్నాక బాబాయి ఊరుకోగలడా! మర్నాడే గింజ లేని దూది ఏరి, మూడుసార్లు ఏకి, కూతురి సీటుకి తగ్గ చిన్న దిండు కుట్టాడు. కుట్టి, దాన్ని ముక్కాలి పీట మీద పెట్టి, భార్యని పిలిచాడు.

"నేను దీని మీద కూర్చుంటాను. పడుకుంటే లేపు."

"కూర్చోవడం దేనికండీ? ఇచ్చేయండి అలాగే."

"పాసవని సరుకు నా కూతురి కింద పెడతానా?"

కూర్చున్నాడు. "ఇదిగో చూడు, నాకేమీ..." అన్నాడు. అంతే. భార్య చెవి మెలిపెట్టింది, మీసం పీకింది, చివరికి రెండు పళ్ళేలు చెవి దగ్గర పెట్టి మోగించింది.

"పాసైంది," అన్నాడు బాబాయి, కళ్ళు నులుముకుంటూ, పొంగిపోతూ. ఇన్నేళ్ళ పనిలో అంత త్వరగా పాసైన సరుకు ఇంకోటి లేదు.

చలి దిగింది. ఇక అసలు యుద్ధం. మొదటి పనిగా బాబాయి మెత్తటిది ఏదీ తాకనని ఒట్టు పెట్టుకున్నాడు. నిలబడి కుట్టాడు, నిలబడి తిన్నాడు, గోడకి ఆనుకోబోయి ఉలిక్కిపడి దూరం జరిగాడు.

"తమ్ముడూ, పరుపులు పాస్ చెయ్యాలిగా, ఒక్కసారి నడుం వాల్చు," అంది అక్క.

"నడుం వాలిస్తే ఎండలొచ్చాకే లేస్తానక్కా."

"మరి కొనేవాళ్ళకి ఏం చెప్పమంటావు?"

"అన్నీ ఫెయిలని చెప్పండి."

"నా కొట్లో అన్నీ ఫెయిలా! నీకు ఒళ్ళు తెలుస్తోందా?"

చేసేది లేక ఆవిడే పరుపులెక్కి పడుకుని చూసింది. ఆవిడకి నిద్రెక్కడ పడుతుంది? పడుకోగానే వ్యాపారం గుర్తొచ్చేది. లేచి మళ్ళీ తమ్ముణ్ణి తిట్టేది. ఆ తిట్లకి మాత్రం బాబాయికి కాస్త మత్తు వదిలేది.

సంగీతం మాస్టారు, అదే గాడిదగారు, తన వంతు సాయం చేస్తానని రోజూ పొద్దున్నే కిటికీ కింద నిలబడి సాధన చేశారు. బాబాయి మేలుకున్నాడు. బాబాయితో పాటు వీధి వీధంతా మేలుకుంది. అంతా కలిసొచ్చి చేతులు జోడించి మాస్టారిని పంపించేశారు. చన్నీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టి కూర్చోవడం కొన్నాళ్ళు పనిచేసింది. తరవాత తొట్టిలోనే గురక మొదలైంది.

చివరికి పనిచేసింది భార్య వైద్యం. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ దాచుకున్న ఫిర్యాదులు బోలెడు. ఏటా సగం కాలం వినేవాడు లేక గుట్టలుగా పేరుకుపోయాయి. అవన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసింది.

"మీ చెల్లెలు నా వంటని చూసి ముక్కు విరిచిన రోజు గుర్తుందా?"

"ఎప్పుడో జరిగింది కదే..."

"ఎప్పుడో జరిగిందా? అంటే జరిగిందని మీకు తెలుసన్నమాట! తెలిసీ నోరు మెదపలేదన్నమాట!"

బాబాయికి నిద్ర పారిపోయింది. ఇంత జవాబు చెప్పుకోవాల్సిన మొగుడికి కునుకెలా పడుతుంది?

అలా ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చలికాలాన్ని చూశాడు. ఒక పొద్దున వీధి తలుపు తీసి నోరు తెరిచేసరికి నోట్లోంచి పొగ వచ్చింది. "ఏమే, నాకు లోపల ఎక్కడో అంటుకుంది!" అని కేకలు పెట్టాడు. అందరికీ అలాగే వస్తుందని భార్య చెప్పాక, సాయంత్రందాకా మెట్ల మీద నిలబడి పొగలు వదిలి చూసుకున్నాడు. మంచులో ట్రాం దీపాలు ముందు వచ్చి, ట్రాం తరవాత రావడం చూసి ముక్కున వేలేసుకున్నాడు. కిటికీ అద్దం మీద ఊపిరి వదిలి వేలితో పరుపు బొమ్మ గీశాడు. ఇదంతా ఏటేటా జరుగుతూనే ఉందా, తను లేకుండానే?

పరీక్ష రోజు పొద్దున్న డిపోలో ట్రాం సిద్ధంగా ఉంది. అలారం యూనిఫాం వేసుకుని ఎక్కడానికి వచ్చింది. టోపీకి రెండు పక్కలా చిల్లులు పెట్టి చెవులు బయటికి తీసుకుంది. తండ్రిని చూడగానే ఒక్క ఉరుకులో వచ్చి చేతులు పట్టుకుంది.

"వచ్చావా నాన్నా! కళ్ళు ఎర్రగా ఉన్నాయి."

"ఎర్రగా ఉంటేనేం, తెరిచున్నాయిగా," అని, గుడ్డలో చుట్టి తెచ్చిన దిండు చేతికిచ్చాడు బాబాయి. "నీ సీటుకి. పాసైంది."

అలారం దిండుని బుగ్గకి ఆనించుకుని, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో," అంది. ఇనప రేకు మీద దాన్ని వేసి కూర్చుంది. పక్కన కొంగగారు ఒక కాలు మడిచి, కళ్ళు సగం మూసి నిలబడ్డారు. ఆయన కళ్ళు మూసుకున్నా అన్నీ చూస్తారని ఉద్యోగులకి భయం. బాబాయి మాత్రం సీట్లో కూర్చోలేదు. పైన వేలాడే తోలు పట్టీ పట్టుకుని, కూతురు బాగా కనిపించే చోట నిలబడ్డాడు.

గంట మోగింది. ట్రాం కదిలింది.

బాబాయి రెప్ప వెయ్యలేదు. మలుపు రాకముందే కూతురు పిడి ఎలా తిప్పుతోందో చూశాడు. అడ్డం వచ్చిన తోపుడుబండివాణ్ణి, "అన్నా, ముందు నువ్వెళ్తావా, నన్నెళ్ళమంటావా?" అని ఎలా కేకేసిందో చూశాడు. ముసలమ్మ ఎక్కడం ఆలస్యమైతే గంట కొట్టకుండా ఎలా ఆగిందో చూశాడు. ఆగేటప్పుడు నాలుక కొద్దిగా బయటికి పెట్టడం చూశాడు. ఆ సంగతి భార్య ఎప్పుడూ చెప్పలేదు. ఇది తను సొంతంగా చూసింది.

వెనక సీట్లో సంగీతం మాస్టారు కూర్చునున్నారు.

"మీ అమ్మాయేనా బాబాయిగారూ?"

"మా అమ్మాయే," అన్నాడు బాబాయి. ఇటు పక్కనున్నవాళ్ళకి, "మా అమ్మాయే," అన్నాడు. ఎవరూ అడక్కపోయినా అటు పక్కకి తిరిగి, "మా అమ్మాయే," అన్నాడు.

వంతెన దగ్గర ఎర్రదీపం పడింది. ట్రాం ఆగింది. కింద నదిమీంచి మంచు లేస్తోంది. ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది. ట్రాం కదల్లేదు.

"ఏమైందమ్మా?" అని ఎవరో అడిగారు. "లైన్లో ఏమైనా అడ్డమొచ్చిందా?" అన్నారు ఇంకెవరో.

బాబాయికి ముందునుంచి ఒక చిన్న చప్పుడు వినిపించింది. మూతి ఈల వేసినట్టు, తరవాత దూది ఏకే విల్లు మీటినట్టు. ఆ చప్పుడు ఆయన ఎన్నడూ వినలేదు. అయినా గుర్తుపట్టాడు. వాళ్ళ వంశంలో అందరూ అలాగే గురక పెడతారు.

పిడి మీద చెయ్యి ఉంది. టోపీ ఒక చెవి మీదకి జారింది. పుట్టిన దగ్గర్నుంచి చలికాలంలో కన్ను మూయని పిల్ల, ఇన్నాళ్ళూ ఎలుగుబంటని ఎవరికీ గుర్తురాని పిల్ల, తండ్రి కుట్టిన దిండు మీద హాయిగా నిద్రపోతోంది. ఆ దిండు ఎంత త్వరగా పాసైందో అందరికంటే బాగా తెలిసినవాడు బాబాయి. పాసైందని మురిసిపోయాడే గానీ, ఎవరి కింద పెడుతున్నాడో ఆలోచించనే లేదు.

వెంటనే లేపాలి. తెలుసు. అయినా ఒక్క క్షణం అలాగే చూస్తూ నిలబడ్డాడు. నిద్రలో కూతురి మొహం ఎలా ఉంటుందో, దాని చిన్నప్పుడు ఎండాకాలాల్లో ఆయన చూశాడు. చలికాలంలో మరోలా ఉంది.

కూతురి పక్కన కునికిపాట్లు పడుతున్న కొంగగారి గొంతు ఖంగుమంది. "ఎందుకాగింది? పచ్చదీపం కదా!"

బాబాయి రెండంగల్లో ముందుకొచ్చాడు. ఒక చేత్తో కూతుర్ని పైకెత్తాడు, ఇంకో చేత్తో దిండు లాగేశాడు, మళ్ళీ కిందికి దించాడు. ఎముకలు కొరికే చలిలో చల్లబడ్డ ఇనప రేకు తన పని తను చేసింది. అలారం "అమ్మో!" అని ఎగిరిపడి కళ్ళు తెరిచింది.

"స్టాపొచ్చిందా?"

"సిగ్నలొచ్చింది తల్లీ. పద."

ట్రాం కదిలింది. కొంగగారు రెండో కాలు కూడా కిందికి దించారు. ఆయన రెండు కాళ్ళ మీద నిలబడ్డారంటే ఎవరికో మూడిందని డిపోలో అందరికీ తెలుసు.

"ఏమిటది మీ చేతిలో?"

"దిండండీ."

"డ్రైవరు సీట్లో దిండా? పూర్తిగా నిబంధనలకి విరుద్ధం. ఇలా ఇవ్వండి, స్వాధీనం చేసుకుంటున్నాను."

"తీసుకోండి. దాని మీద కూర్చోకండి, అంతే."

"నాకు చెప్పొస్తున్నారా? ఎక్కడ కూర్చోవాలో ఎక్కడ కూర్చోకూడదో నాకు తెలీదా?" అని కొంగగారు దాన్ని ప్రయాణికుల సీటు మీద వేసి, పొడుగు కాళ్ళు రెండూ మడిచి, పంతం కొద్దీ కూర్చున్నారు. "ఇక చూస్తాను, ఈ ట్రాం ఎలా..." అన్నారు.

తరవాత ఆయన ఏం చూశారో ఆయనకే తెలియాలి. ముక్కు రెక్కలోకి దూరింది. సంగీతం మాస్టారు ఆయన్ని లేపడానికి గొంతు సవరించుకుంటుంటే, బాబాయి మాస్టారి నోరు గట్టిగా మూసేశాడు. బజారు దగ్గర ప్రయాణికులు మునివేళ్ళ మీద దిగారు. ఎక్కేవాళ్ళకి ముందే ఎక్కినవాళ్ళు మూతి మీద వేలు పెట్టి చూపించారు. అలారం ఒక్క కుదుపు లేకుండా, ఒక్క గంట ఎక్కువ కొట్టకుండా ఊరు చుట్టింది. బాబాయి మళ్ళీ పట్టుకున్న తోలు పట్టీ వదల్లేదు, కళ్ళు తిప్పలేదు.

డిపోలో కొంగగారు రెక్కలు దులుపుకుంటూ లేచారు. చుట్టూ చూశారు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"చాలా సాఫీగా నడిపావమ్మాయ్," అన్నారు చివరికి. "కుదుపే తెలియలేదు. పాసు."

బాబాయి ఇంటికెళ్ళి గడప మీదే పడిపోయాడు. భార్య, అక్క, సంగీతం మాస్టారు కలిసి దూది గుట్ట దాకా ఈడ్చుకుపోయి పడేశారు.

ఎండలొచ్చాయి. బాబాయి లేచి మళ్ళీ దబ్బనం పట్టాడు. ఈలోగా సంగీతం మాస్టారి నోటినుంచి వంతెన కథ ఊరంతా పాకింది. పోనుపోను అందులో ట్రాం నదిలో పడబోవడం, బాబాయి ఒంటి చేత్తో దాన్ని ఆపడం కూడా చేరాయి. ఒకరోజు ట్రాం డిపో మేనేజరమ్మ స్వయంగా కొట్టుకి వచ్చింది. ఆవిడ వెనకే, డ్యూటీ మధ్యలో టోపీతో పరిగెత్తుకొచ్చిన అలారం గుమ్మంలో ఆగిపోయింది.

"బాబాయిగారూ, ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను," అంది మేనేజరమ్మ. "పరీక్ష రోజు మీ అమ్మాయి సిగ్నల్ దగ్గర నిద్రపోయిందట. మీరే లేపారట. ఇన్‌స్పెక్టరుగారిని అడిగితే దగ్గుతున్నారు తప్ప మాట్లాడడం లేదు. నిజమైతే అమ్మాయిని మళ్ళీ టికెట్లకి పంపాలి."

బాబాయి దబ్బనంలో దారం ఎక్కిస్తూనే ఉన్నాడు.

"ఏ రోజన్నారు?"

"చలికాలం నడిమధ్యలో."

"చలికాలంలోనా!" బాబాయి పొట్ట ఊగేలా నవ్వాడు. "అమ్మా, నన్ను చూస్తే మీకేమనిపిస్తోంది? జిరాఫీలా ఉన్నానా? ఎలుగుబంటిని. ఊళ్ళో ఏ పసిపిల్లనడిగినా చెబుతుంది, చలికాలంలో నేనెక్కడుంటానో."

"సంగీతం మాస్టారు కళ్ళారా చూశారట."

"ఆయన తను పాడేది పాట అని కూడా అంటారు. నమ్ముతారా?"

మేనేజరమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "అయితే మీ అమ్మాయి ఆ రోజు ట్రాం నడపడం మీరు చూడనే లేదంటారు?"

గుమ్మంలో అలారం టోపీ తీసి చేతిలో నలుపుతోంది. బాబాయి అటు చూడలేదు.

"చూడలేదు," అన్నాడు. "అది పుట్టిననాడూ నిద్రే, నడిచిననాడూ నిద్రే, ఆ రోజూ నిద్రే. ట్రాం ఎక్కలేదు, దిండు కుట్టలేదు, వంతెనా లేదు, కొంగా లేదు. ఎవరో పనిలేనివాళ్ళు అల్లిన కట్టుకథమ్మా అది. అందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు."